శనివారం సూది

జూలై 14, 2018. శనివారం

ఈ రోజు కూడా ఎంకయ్య వచ్చాడు. బండి హ్యాండిల్‌కు వేలాడే ఆ రెగ్జిన్ సంచీ చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆర్.ఎం.పి. డాక్టరు, అంటే ఏ కాలేజీలోనూ డాక్టరు చదవనివాడు. మా మామగారి కాలం నుంచీ ఈ ఇంటికి వస్తున్నాడట, అందుకని ఎదురు చెప్పకూడదు.

మార్చిలో మా ఆయన మహిధర్ తాను ప్లాట్లు అమ్మే వెంచర్ దగ్గర కంకర మీద బండి జారి పడ్డాడు. కాలి ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. సిటీలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంటోందన్నారు గానీ, మోకాలి కింద ఒక చిన్న రంధ్రం మాత్రం మూసుకోదు. రోజూ కట్టు తడుస్తుంది. వారం మధ్యలో ఒళ్లు వెచ్చబడి శనివారానికి జ్వరం అవుతుంది. ఆపరేషన్ చేసిన రమాకాంత్ డాక్టరు గారు రివ్యూకు రమ్మన్నారు. ఈయన ప్రతిసారీ "వచ్చే వారం పోదాం" అంటాడు.

శనివారమే ఎందుకంటే మర్నాడు సైట్ విజిట్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఏసీ బస్సుల్లో కస్టమర్లను ఎక్కించుకుని ఔటర్ రింగురోడ్డు బొంగులూరు ఎగ్జిట్ దాటించి తీసుకొస్తారు. వాళ్లకు బిర్యానీ పెట్టి, గొడుగు పట్టి, రాళ్లు పాతిన పొలంలో తిప్పి, ఎక్కడ గుడి వస్తుందో ఎక్కడ స్కూలు వస్తుందో గాలిలో చేత్తో గీసి చూపించాలి. ఆ పొలం వీళ్ల నాన్నది. భూమి సొంతదారు కొడుకే ఎదురుగా నిలబడి మాట్లాడితే జనం నమ్ముతారట. నిలబడాలంటే జ్వరం ఉండకూడదు. అందుకని ముందురోజు సాయంత్రం సూది.

"గిది పెద్ద దవాఖానల్ల ఇచ్చే మందు బిడ్డా, మస్తు పవర్. పొద్దుగాల్లకు లేసి ఉరుకుతడు," అన్నాడు ఎంకయ్య, సిరంజిలోకి గాలి లాగుతూ.

"మరి రేపు ఎవరిస్తరు? ఎల్లుండి ఎవరిస్తరు? వారానికోపారి ఇచ్చే మందు కాదు గది. ఆపకుండ రోజూ పడాలె."

"జరమే లేకుంటే ఎందుకిచ్చుడు బిడ్డా?"

ఈయన మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూసుకుంటూనే, "నీ పాఠాలు కాలేజీల చెప్పుకో భవితా. రేపు నాకు బస్సులున్నయ్," అన్నాడు.

నా మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ ఈ ఇంటికి పెళ్లికార్డు మీద అచ్చు వేయించుకోవడానికి పనికొచ్చింది. అంతటితో దాని పని అయిపోయింది.

జూలై 15

రోజంతా నిలబడ్డాడట. ఇంటికొచ్చాక ఆ కాలి షూ ఊడదీయడానికి అత్తమ్మా నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. జ్వరం మాత్రం లేదు. నిజంగానే లేదు.

జూలై 24

ఈ రోజు ఫార్మసీ సెకండియర్‌కు యాంటీబయాటిక్స్ పాఠం. పిల్లలకు ఏటా చెప్పే మాటలే చెప్పాను. మందు పడగానే ముందు చచ్చేవి బలహీనమైన సూక్ష్మజీవులు. సగంలో ఆపేస్తే మొండివి మిగులుతాయి. ఆ తర్వాత పుట్టేవన్నీ ఆ మొండివాటి సంతానమే. పైగా ఆ మొండితనాన్ని పక్కవాటికి కూడా పంచిపెట్టగలవు, చుట్టరికం లేకపోయినా సరే. ఒంట్లో ఇనుము ఉంటే ఇంకా సుఖం. వాటర్ ట్యాంకు గోడకు పాకుడు పట్టినట్టు ఆ ఇనుము మీద పొర కట్టుకుని కూర్చుంటాయి, పైనుంచి ఎంత మందు పోసినా లోపలికి దిగదు.

ముందు బెంచీ అమ్మాయి లేచి, "మరి అప్పుడేం చేయాలె మేడం?" అంది. ఆ ఇనుము తీసేయాలి, లోపలి ముక్క తీసి ల్యాబుకు పంపాలి, ఏ మందుకు లొంగుతుందో చూసి ఆ మందు వారాల తరబడి ఆపకుండా ఇవ్వాలి అన్నాను. రాసుకున్నారు.

ఇంటికొచ్చి అదే పాఠం ఈయనకు చెప్పాను. ట్యాంకు, పాకుడు, మొండివాటి సంతానం, ఒక్కటి వదలకుండా. ఫోన్ పక్కన పెట్టి మరీ విన్నాడు. చివరికి, "అవ్ గానీ, మన ట్యాంకు కడిగిచ్చి ఎన్ని దినాలైతుంది?" అన్నాడు. అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను చేతిలో గిన్నె నేలకేసి కొట్టాను. మా పాప పింకీ ఏడ్చింది.

ఆగస్టు 4, శనివారం

ఈసారి ఎంకయ్య ఎదుటే అరిచాను. నా నోటికి ఎంతొస్తే అంత. "ఇట్ల చేస్తే రేపు ఏ మందూ పనిచెయ్యది, అప్పుడు నన్ను అడగొద్దు," అన్నాను. ఈయన తలుపు వేసుకున్నాడు. ఎంకయ్య అత్తమ్మతో, "సదువుకున్నోళ్లకు బుగులు ఎక్కువ వజ్రక్కా," అంటూ చాయ్ తాగి, సూది వేసి పోయాడు.

ఆగస్టు 13, సోమవారం

ఒప్పుకున్నాడు! కనీసం ల్యాబుకైనా పంపుదామంటే సరేనన్నాడు. కాలేజీ నుంచి స్టెరైల్ స్వాబ్ పుల్ల తెచ్చి, ఆ రంధ్రంలోంచి చీము నేనే తీశాను. శ్రీసుధకు పంపాను. ఎమ్మెస్సీలో నా పక్క బెంచీ. వాళ్లది గుడివాడ వైపు, చాలా ఏళ్ల కిందటే వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు సిటీలో ఒక పెద్ద ఆస్పత్రి ల్యాబులో ఈ పనంతా తనే చూస్తుంది. ఏ మందుకు లొంగుతుందో తెలిస్తే చాలు, పూర్తి కోర్సు వాడించే బాధ్యత నాది.

జ్వరం దిగక ఈసారి నిన్నా మొన్నా రెండు సూదులు పడ్డాయి. మందు ఒంట్లో ఉండగా శాంపిల్ తీయకూడదు. కానీ మందు లేని రోజు కోసం చూస్తూ కూర్చుంటే ఈయన మనసు మార్చుకుంటాడు.

ఆగస్టు 16

శ్రీసుధ ఫోన్ చేసింది.

"ఏమీ పెరగలేదే. నీ శాంపిల్ పూసిన ప్లేటు శుభ్రంగా ఉంది. శాంపిల్ తీయకముందు యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?"

"లేదు," అన్నాను.

మైక్రోబయాలజీ చెప్పుకుని బతికేదాని ఇంట్లో ఆర్.ఎం.పి. వచ్చి సూదులు వేస్తున్నాడని ఎలా చెప్పను?

"అయితే మంచిదేగా," అని పెట్టేసింది.

ఇంట్లో పండగే. అత్తమ్మ సేమియా పాయసం కాచింది. "పురుగే లేదని ల్యాబోళ్లే చెప్పవట్టె, ఇంగేం ఫికర్?" అంటూ ఈయన పక్కింటి వాళ్లక్కూడా చెప్పాడు. పెరగలేదంటే లేవని కాదు. మందు దెబ్బకు అణిగి ఉండొచ్చు. రాడ్డును పట్టుకుని ఉన్నవి నా స్వాబ్‌కు అందకపోయి ఉండొచ్చు. అదంతా చెప్పాను. ఈయన చెవిన పెట్టలేదు, నేనూ రెండోసారి చెప్పలేదు. ఒక్కోసారి నిజంగానే ఏమీ ఉండదు కూడా. కట్టు ఈ రోజు తక్కువే తడిసింది. పాయసం బాగుంది.

ఆగస్టు 18, శనివారం

పురుగు లేదన్నారు, మరి సూది ఎందుకని అడిగాను. "మల్ల రాకుండ," అన్నాడు ఎంకయ్య.

సెప్టెంబర్ 5

ఉక్కపోత ఎక్కువగా ఉంది. ఈయన ఒళ్లు వెచ్చగా ఉండటం దానివల్లే.

సెప్టెంబర్ 19

మొదటిదానికి కింద ఇంకో రంధ్రం పడింది. గదిలో వాసన. పింకీ నాన్న పక్కన పడుకోనంటోంది.

గట్టిగా పోట్లాడాను. రేపే ఆస్పత్రికి పోదామన్నాను. కాలు పోతుందని కూడా అన్నాను. ఆ మాట అనకూడదని అత్తమ్మ నా నోరు మూయబోయింది.

ఈయన అరవలేదు. మెల్లగా చెప్పాడు. "పోతే ఏం చేస్తరు? రాడ్డు తీస్తరు. నెలల తరబడి మంచంల పండవెడ్తరు. నేను కనవడకుంటే పార్ట్‌నర్లు నన్ను పక్కకు వెడ్తరు భవితా. నాయిన భూమిల నేనే బయటోన్నయిత. దసరా ఆఫర్లు అయిపోనీ. నడుసుకుంట వస్త నీ ఎంబడి."

పొలాలు పోతూ ఉంటే ఈ ఊళ్లో అందరూ కార్లు కొన్నారు. ఈయన ఒక్కడే ప్రతి ప్లాటు దగ్గరా ఆగి, ఇక్కడ బావి ఉండేది, ఇక్కడ మోటారు ఉండేది అని కస్టమర్లకు చెబుతాడు. నేను ఒకసారి విన్నాను. అమ్మడానికే చెబుతున్నాడని అప్పుడు అనుకున్నాను.

సరేనన్నాను.

అక్టోబర్ 13, శనివారం

పొద్దున్నుంచీ వణుకుతున్నాడు. రేపు దసరా ఆఫర్ సైట్ విజిట్, ఏడాది మొత్తంలో అన్నిటికన్నా పెద్దది. ఎంకయ్య తుక్కుగూడలో ఎవరింటికో పోయాడు, రాలేనన్నాడట.

"నువ్వు చెయ్యి ఫోను. నువ్వు పిలిస్తే తప్పక వస్తడు," అని దుప్పట్లోంచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలిపోతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈయన నన్ను బతిమాలింది లేదు.

చేశాను. సోమవారం ఆస్పత్రికి వస్తానని పింకీ మీద ఒట్టు వేయించుకుని చేశాను. ఈ ఒక్కసారికే.

అక్టోబర్ 14

గొడుగు కింద నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూనే కూలిపోయాడు. కస్టమర్లు ఎండదెబ్బ అనుకుని నీళ్లు చల్లారట. నేను వెళ్లేసరికి పెదవులు నల్లబడి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి, "బస్సులు పోయినయా?" అని అడిగాడు. సిటీకి తెచ్చి చేర్చాం.

అక్టోబర్ 16

రాడ్డు తీసేశారు.

"ఇంతకాలం ఎక్కడికి పోయారండీ మీరు?" అన్నారు రమాకాంత్ గారు. కోప్పడలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు. రాడ్డు చుట్టూ ఎముక నానిన అటుకుల్లా మెత్తబడిపోయిందట. లోపలి ముక్కలు కింది అంతస్తులోని ల్యాబుకు పంపారు. శ్రీసుధ ల్యాబుకే.

అక్టోబర్ 18. దసరా

శ్రీసుధ సెలవు పెట్టలేదు. ఫోన్లో ఏమీ చెప్పకుండా ల్యాబుకు రమ్మంది.

మొదటి ప్లేటు నిండా జిగటగా, మెరుస్తూ పెరిగి ఉంది. తీగతో తాకి ఎత్తితే గంజిలా సాగింది. క్లెబ్సియెల్లా. నేను ఏటా బోర్డు మీద గీసి, పిల్లలతో పేరు పలికించే సూక్ష్మజీవి.

రెండో ప్లేటు మీద తెల్లటి మందు బిళ్లలు అంటించి ఉన్నాయి. ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయాటిక్. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ జాగా కనిపించాలి. వరసగా చూసుకుంటూ పోయాను. ఎంకయ్య వేసిన మందు బిళ్ల, దానికన్నా పెద్ద మందు, ఇంకా పెద్ద మందు. అన్నిటి అంచుల దాకా దట్టంగా పెరిగి ఉంది. మందు బిళ్లలు అక్కడ ఉన్నట్టే దానికి తెలియదు.

"ఇక్కడ కొంచెం ఖాళీ ఉంది చూడవే," అన్నాను, చివరి బిళ్ల దగ్గర వేలు పెట్టి.

స్కేలు పెట్టి చూసింది. "లేదు భవితా."

"లైటు కింద పెట్టి చూడు."

లైటు కింద పెట్టింది. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఆ ప్లేటును ఎంతసేపు అటూ ఇటూ తిప్పానో, చివరికి తనే నా చేతిలోంచి తీసుకుంది.

"ఇంతకు ముందు ఏమేం వాడారే?"

ఈసారి చెప్పాను. తను తిట్టనైనా లేదు. తిడితే బాగుండేది. నాకు టీ తెప్పించి, "ఒకటి మిగిలింది. కొలిస్టిన్. ట్యూబుల్లో పెట్టి చూస్తే లొంగుతోంది. కానీ కిడ్నీల సంగతి నీకు తెలుసుగా," అంది. తెలుసు. కిడ్నీలు పాడు చేస్తుందనే ఒకప్పుడు ఆ మందును మూలన పడేశారు. వేరే దారి లేక మళ్లీ బయటికి తీశారు. ఈ వాక్యం కూడా నా పాఠంలోదే.

అక్టోబర్ 21

"ఆ ఎముక ఉన్నంతకాలం మందు అక్కడికి చేరదండీ," అన్నారు రమాకాంత్ గారు. "తొడ దగ్గర తీసేస్తే మనిషి దక్కే అవకాశం ఉంది. ఆలస్యమైతే ఆ మాట కూడా నేను ఇవ్వలేను."

"కాలు తీసేదుంటే నన్నే తీస్కపోయి గోతిల పెట్టుండ్రి," అన్నాడు ఈయన. "గింత పెద్ద మందు ఎక్కిస్తున్నరు, జర పని చెయ్యనియ్యుండ్రి."

ఇద్దరూ నా వైపు చూశారు.

మందు మొదలై ఎంతో కాలేదు కదా. పొద్దున జ్వరం కాస్త తగ్గింది. ఇంకొంచెం చూద్దామన్నాను.

అక్టోబర్ 22

తగ్గింది.

అక్టోబర్ 23

తగ్గలేదు. నిన్న తగ్గినట్టు కనిపించింది థర్మామీటరు సరిగ్గా పెట్టకపోవడం వల్లేమో.

అక్టోబర్ 24

బీపీ పడిపోయింది. ఈయనకు స్పృహ లేదు. కాలు తీసేయడానికి సంతకం నేనే పెట్టాను. తీసేశారు.

అత్తమ్మ ఆపరేషన్ గది తలుపు దగ్గరే నిలబడి, బయటికి వచ్చిన నర్సు చెయ్యి పట్టుకుంది. "కాలు మాకియ్యుండ్రి. నా కొడుకు కాలు చెత్తల కలుపుతరా? మా భూమిల పెట్టుకుంటం." మా ఇళ్లల్లో అలాగే చేస్తారు. మనిషిలో ఏ భాగం ముందు పోయినా సొంత మట్టిలోనే పెట్టాలి.

"ఇయ్యరు అత్తమ్మా. ఇయ్యొద్దు కూడా," అన్నాను. "గా పురుగు మట్టిల కలుస్తది. కాల్చెయ్యాలె."

"ఏం పురుగు? నా కొడుకు పెయ్యి, నా కొడుకు ఒళ్లు గది. నేను కన్నది," అంది అత్తమ్మ. తర్వాత కాసేపు ఆలోచించి, "పార్కుకని ఇడిసిపెట్టిన ముక్క ఉన్నది గద భవితా. ఆడ ఎవ్వలు కొనరు గద," అని మెల్లగా అడిగింది. అప్పటిదాకా ఏడుపు రాని నాకు అక్కడ వచ్చింది. ఇంతమంది ఇళ్లకు జాగా ఇచ్చిన మనిషి, కొడుకు కాలికి జాగా వెతుకుతోంది.

పసుపురంగు సంచీలో పెట్టి తీసుకెళ్లారు. అత్తమ్మ లిఫ్టు దాకా వెంట నడిచింది.

అక్టోబర్ 27

రక్తంలో కూడా అదే పెరిగింది. శ్రీసుధ తనే పైకి వచ్చి చెప్పింది, నా పక్కన కుర్చీలో కూర్చుని. ఇప్పుడు కొలిస్టిన్‌కు కూడా లొంగడం లేదు.

"ఇంకేం ఉంది?" అని అడిగాను. నా కాలేజీ పిల్లల్లో ఎవరైనా అడిగితే, ఇదివరకే చెప్పాను కదా, వినలేదా అని కసిరేదాన్ని. శ్రీసుధ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అక్టోబర్ 30

మూత్రం ఆగిపోయింది. డయాలసిస్. పింకీని తెచ్చి అద్దం ఇవతల నుంచి చూపించాను. చెయ్యి ఊపింది. ఈయన నిద్రలో ఉన్నాడు.

నాకు కోపంగా ఉంది. ఈయన మీద, ఎంకయ్య మీద, బస్సుల్లో వచ్చి బిర్యానీ తిని పోయిన ప్రతి మనిషి మీద. "లేదు" అని ఫోన్లో అన్న నా గొంతు మీద అన్నిటికన్నా ఎక్కువగా. ఇక్కడ ఎవరి మీదా అరవడానికి లేదు.

నవంబర్ 3

మధ్యాహ్నం తెలివిలోకి వచ్చాడు. ముఖం తేటగా ఉంది. పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, దాన్ని చూసి ఆశ పెట్టుకోవద్దన్నారు.

"భవితా, ఒక ముచ్చట అడుగుత," అన్నాడు. గొంతు గాలిలా ఉంది. "ఇన్ని మందులు పోస్తున్నరు. గా పురుగు ఎందుకు చస్తలేదు?"

పెళ్లయ్యాక నా చదువు గురించి ఈయన అడిగిన మొదటి ప్రశ్న.

స్టూలు దగ్గరికి జరుపుకుని చెప్పాను. మందు పడితే ముందు ఏవి చస్తాయో, ఆపేస్తే ఏవి మిగులుతాయో, మిగిలినవి ఏం చేస్తాయో. రాడ్డు మీద పొర ఎలా కడతాయో. తొందరపడకుండా, మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. కళ్లు నా ముఖం మీదే పెట్టి విన్నాడు. అర్థమైన చోటల్లా తల ఊపాడు. నా క్లాసులో ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు.

మొత్తం విన్నాక అడిగాడు.

"గిదంత నాకు ముందుగాల ఎందుకు చెప్పలేదే?"

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. నిజంగానే గుర్తులేదు. జూలైలో, ఆగస్టులో, వంటింట్లో, కారులో, మూసిన తలుపు బయట నిలబడి, గొంతు పోయేదాకా చెప్పిన ఒక్క మాట కూడా ఆ మనిషి దాకా చేరలేదు. నా నోరు సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఒక మాట నా మీద పడితే పది మాటలు తిరిగి ఇవ్వకుండా ఊరుకున్నదాన్ని కాదు.

"చెప్పలే," అన్నాను. "చెప్పాల్సుండె. తప్పు నాదే."

ఆయన చెయ్యి కదిలింది. సెలైన్ గొట్టంతో సహా దాన్ని లాక్కుంటూ వచ్చి నా చేతి మీద పెట్టాడు.

"పోనీ తియ్యి. ఏడ్వకు. ఇంత అయితదని నీకు మాత్రం ఏం ఎరుక," అన్నాడు. నన్ను క్షమించాక హాయిగా కళ్లు మూసుకున్నాడు.